పాటల పోటీలు - ప్రజల వోట్లు

పల్లెలలోని పెద్దలకు ఇటీవల ఒక కొత్త అభ్యర్థన వచ్చుచున్నది. అది పంచాయతి ఎన్నికకు సంబంధించినది కాదు, సహకార సంఘమునకు సంబంధించినదియు కాదు. "తాతా, మనవాడు టెలివిజను పోటీలో నిలిచినాడు. నీ ఫోను ఒకమారు ఇమ్ము, వోటు వేసెదను" అని మనుమడు చేయి చాచును. తాత ఫోను ఇచ్చును. ఆ వోటు ఎక్కడికి పోవునో, దానివలన ఎవరికేమి ఒరుగునో అడుగువారు అరుదు. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

పోటీలు మనకు కొత్త గావు. 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది మొదలు ఎన్ని ఊళ్లలో ఎన్ని పరిషత్తు పోటీలు జరిగినవో మీరెరుగనిది కాదు. పద్యము నచ్చినచో ప్రేక్షకుడు "వన్సుమోర్" అని కేక వేయును. నచ్చనిచో తుండుగుడ్డ దులుపుకొని లేచిపోవును. బహుమతి మాత్రము న్యాయనిర్ణేతల చేతిలోనిది. శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు మద్రాసులో చదువుకొను దినములలో ఒక పాటల పోటీయందే ఎస్. పి. కోదండపాణిగారి చెవినిబడిరి, 1966లో శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న చిత్రమునకు పాడిరి. ఆ బాలసుబ్రహ్మణ్యముగారే 1996 మొదలు ఈటీవీలో "పాడుతా తీయగా" నడపిరి. ఏ చరణమున శ్రుతి జారినదో, ఏ మాటలో ఒత్తు పోయినదో పాడిన పిల్లవాని యెదుటనే చెప్పెడివారు. ఓడినవాడు సైతము ఒక పాఠము మూటగట్టుకొని ఇంటికి పోయెడివాడు. 2020లో వారు గతించిన పిమ్మట వారి కుమారుడు చరణుగారు ఆ పీఠమును అందుకొనిరి.

వోటు పద్ధతి ఇంతకన్న వేరు. 2001లో ఇంగ్లండునందు "పాప్ ఐడల్" అను పేర మొదలైన క్రీడ 2004లో "ఇండియన్ ఐడల్"గా మన దేశమునకు వచ్చినది. వారము వారము కొందరిని ఇంటికి పంపుదురు; ఎవరు నిలువవలెనో చూచువారు అప్పట్లో ఫోను సందేశములచే తెలిపెడివారు. మామూలు సందేశమునకన్న ఆ సందేశమునకు రుసుము హెచ్చుగా నుండెడిది. 2006లో మన కారుణ్య తుదివరకు నిలిచి ద్వితీయుడాయెను. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ప్రథములైరి. హిందీ పాటల పోటీలో తెలుగుబిడ్డ గెలిచినప్పుడు మన ఊళ్లలో కలిగిన సంతోషము కల్ల కాదు. 2022లో ఆ పోటీయే తెలుగులోనికి దిగగా నెల్లూరి వాగ్దేవి గెలిచినది.

నేను హైదరాబాదులో రహమత్ నగరున ఉండువాడను. మా పేట జూబిలీహిల్సు గుట్టలకు చేరువనున్నది. ప్రక్కనున్న కృష్ణానగరు సందులలో చిత్రములందు చిన్న వేషములకై ఎదురుచూచువారు వందలకొలది. అట్టి చోట మా మనుమరాలు చైనా దేశపు పోటీ ఒకటి చూచుచుండగా నేనును ప్రక్కన కూర్చుంటిని. 2018 నాటి "ఐడల్ ప్రొడ్యూసర్" అనునది అది. 100 మంది యువకులను ఒకచోట చేర్చి, తరగతులుగా విభజించి, ఆటపాటలు నేర్పి, చూచువారి వోట్లనుబట్టి కొందరి కొందరిని తొలగించుచు, తుదకు 9 మందిని ఒక జట్టుగా నిలుపుదురు. మొదటి దినము నాకు ఒక ముఖమునకు మరియొక ముఖమునకు భేదము తెలియలేదు. మూడవ దినమునకు పదిమంది గుర్తు చిక్కిరి. ఆ పదిమందియే ఏల? వారినే ఎక్కువసేపు చూపిరి గనుక. ఒకని కన్నీటికి ఐదు నిమిషములు, మరియొకని పాటకు అర నిమిషము. ఎడిటింగు బల్ల యెరిగిన ఈ పేటవారికి ఇందులో వింత లేదు. కోసి కూర్చువాని కత్తెర ఎవరిని ముందు నిలుపునో వానికే మన మనస్సు మొగ్గును. అటుపిమ్మట ఆ మొగ్గు మన స్వంత తీర్పే యని అనుకొందుము.

ఇంకొక సంగతి. ఆ పోటీ ఎప్పుడో ముగిసినది. మేము చూచునది భద్రపరచిన ప్రతి. వోటు వేయ వీలులేదు. అందుచేతనే కాబోలు, నాకు పాట వినబడినది.

ఆ దేశమున ఈ క్రీడ ఎంత దూరము పోయినదో వినుడు. 2005లో హునాను టెలివిజనువారి "సూపర్ గర్ల్" పోటీలో లీ యూచున్ అను యువతికి తుది దినమున 35 లక్షలకు పైగా సందేశ వోట్లు పడినవి. ఆ పోటీకి ధనమిచ్చినది మెంగ్నియు అను పాల కంపెనీ. 2021లో "యూత్ విత్ యూ" అను మరియొక పోటీకిని ఆ కంపెనీయే పోషకురాలు. ఈసారి వోటు పాల పానీయపు సీసా మూతలో అచ్చయినది. మూత విప్పి, లోని గుర్తును ఫోనుకు చూపిన ఒక వోటు చేరును. ఎన్ని సీసాలు కొన్న అన్ని వోట్లు. అభిమానులు పెట్టెలకొలది కొనిరి. అన్ని పాలు త్రాగుట ఎవరితరము? కొందరు వరుసగా కూర్చుండి, మూతలు విప్పి దాచుకొని, పాలను కాలువలోనికి ఒంపుచుండుట లోకమంతయు చూచినది. తెల్లవారుజామున లేచి పొదుగు కడిగి చెంబు పట్టినవారికి ఆ దృశ్యము ఎట్లుండునో నేను చెప్పనేల? ఆ సంవత్సరము మే నెలలో అధికారులు పోటీని నిలిపివేసిరి. తుది ప్రదర్శనము జరుగనేలేదు. కంపెనీ క్షమాపణ చెప్పుకొన్నది. సెప్టెంబరులో అట్టి పోటీలనే ఆ ప్రభుత్వము నిషేధించినది. ఈ పద్ధతికి పుట్టినిల్లైన దక్షిణ కొరియాలో వోట్ల లెక్కనే తారుమారు చేసినందుకు ఒక నిర్మాతకు 2020లో రెండేండ్ల శిక్ష పడినది.

అది పరదేశపు మాట యందురేమో. 2023 డిసెంబరులో బిగ్‌బాస్ ఏడవ పోటీలో సిద్దిపేట జిల్లా రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ ప్రజల వోట్లచే గెలిచినాడు. పల్లెవాడు గెలిచెనని పల్లెలు మురియుట న్యాయమే. కాని ఆ రాత్రి అన్నపూర్ణా స్టూడియో వెలుపల చేరిన గుంపు ఆర్టీసీ బస్సుల అద్దములు పగులగొట్టినది. రెండవవాడైన అమర్‌దీప్ కారును వదలలేదు. పిమ్మట పోలీసు కేసులు. మా పేటకు ఆ స్టూడియో దూరము కాదు. గెలిచినవాడు మనవాడైనపుడు ఓడినవాడు పగవాడు ఎందుకు కావలెనో నాకు నేటికిని బోధపడదు.

కావున మీ మనుమడు ఫోను అడిగినపుడు ఇయ్యవలదని నేను చెప్పను. ఒక ఫోనునుండి ఎన్ని వోట్లు, వోటునకు ఎంత రుసుము అని ముందు అడుగుడు. ఒకరికి ఒకటే యైనచో అది అభిప్రాయము. డబ్బిచ్చిన కొలది పెరుగునదైనచో అది అంగడి సరుకు, దానికి ఊరి పరువును ముడివేయ బనిలేదు. ఆ మనిషి పాటను తుదముట్ట విన్నావా అనియు అడుగుడు. ఊరివాడని వోటు వేయుట బంధుప్రీతి. అదియు తప్పుగాదు, కాని దానికి సంగీతమని పేరు పెట్టరాదు.

మీ ఇంటి బిడ్డయే పోటీకి పోవుచున్నచో మాట వేరు. అప్పుడు వోట్ల విషయము పిమ్మట. ముందుగా వ్రాయించుకొను ఒప్పందపు కాగితమును చేత బుచ్చుకొనవలెను. పోటీ ముగిసిన తరువాత ఎంతకాలము ఆ బిడ్డ వారికి కట్టుబడియుండవలెను, బయట పాడుటకు అనుమతి ఎవరిది, వచ్చిన ప్రతిఫలములో ఎవరి వంతు ఎంత, నడుమ మానుకొన్నచో చెల్లింపవలసిన దేమి అనునవి అందులోనుండును. నేను చూచిన ఆ చైనా పోటీలో నెగ్గిన 9 మంది జట్టు సుమారు ఏడాదిన్నరకే, 2019లో, విడిపోయినది. కోట్లకొలది వోట్లు నిలిపినది అంతకాలమే. కాగితము ఇంగ్లీషులోనున్నచో మీ తాలూకా వకీలునకు చూపి, ప్రతి వాక్యమును తెలుగులో చెప్పించుకొని, అటుపైన మాత్రమే చేవ్రాలు పెట్టింపుడు.