ఆలివిన్ లెక్క



యూఏఈలోని ఫుజైరా దారిలో గోధుమరంగు హజర్ కొండలను చూసి, ఎండకు మాడిన బోడికొండలే కదా అనుకుంటాం. ఆ రంగు పైపైనే. పగలగొడితే లోపల నల్లపచ్చటి పెరిడొటైట్ శిల. దాని మూల ఖనిజం ఆలివిన్ అనే సిలికేట్. మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసి ఏర్పడింది. పచ్చదనం ఇనుము చలవే. నగల్లో పొదిగే పెరిడాట్ ఇదే. మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 6.5 నుంచి 7. గాజును గీసేంత గట్టి రాయి నీటికీ గాలికీ ఎందుకు లొంగుతుంది? జవాబు దాని పుట్టుకలో ఉంది. గోదావరి ప్రాంతంలోని పంగిడి క్వారీల నల్లరాయిలాంటి బసాల్టులు లావా నుంచి గడ్డకట్టేటప్పుడు, ముందుగా స్ఫటికమయ్యే ఖనిజాల్లో ఆలివిన్ ఒకటి. హజర్ కొండల ఆలివిన్ మరీ లోతుది: సుమారు 9.6 కోట్ల ఏళ్ల కిందట ఏర్పడిన సముద్రపు పలక, అడుగునున్న మాంటిల్ పొరతో సహా, తర్వాత అరేబియా అంచు మీదికెక్కింది. అధిక వేడిలో ముందు పుట్టిన ఖనిజమే నేల మీద ముందు శిథిలమవుతుందని 1938లో భూవిజ్ఞాని గోల్డిచ్ చూపాడు.

ఈ బలహీనతే మనకు అక్కరకొస్తుందని నా వాదన. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే ఆలివిన్ కార్బనేట్ రాయిగా మారుతుంది. మెగ్నీషియం ఆలివిన్ ఒక టన్ను పూర్తిగా మారితే 0.63 టన్ను వాయువును బంధించగలదు. ఇది ఆశ కాదు, అణుభారాల లెక్క. ఫుజైరాలో 44.01 అనే సంస్థ వాయువును సముద్రజలంలో కరిగించి ఈ రాతిలోకి పంపింది. వంద రోజుల లోపే 10 టన్నులు రాయిగా మారాయని ప్రకటించింది.

ప్రకృతే చేస్తున్న పనికి మన హడావుడి ఎందుకని అడగవచ్చు. పక్కనే ఒమాన్ కొండలు తమంతట తాము బంధించేది ఏటా పదివేల నుంచి లక్ష టన్నులని 2008లో భూవిజ్ఞానులు కెలెమెన్, మేటర్ అంచనా వేశారు. ప్రపంచం ఏటా వదిలేది 3,700 కోట్ల టన్నులకు పైమాటే. కాబట్టి వేగం పెంచక తప్పదు. పెంచాలంటే పంపులకు కరెంటు కావాలి, ఆ కరెంటు ఎక్కడిదన్నదీ లెక్కలోకి రావాలి. చమురు దేశాలకిది సాకు కాదా అన్నది ఇంకా పదునైన ప్రశ్న. నిజమే, సాకుగా వాడుకోవచ్చు. అయితే తప్పు వాడకానిది, రసాయనానిది కాదు. పొగ తగ్గించకుండా రాయిని నమ్ముకోవడం అప్పు తీర్చకుండా వడ్డీ మాఫీ అడగడమే.

పట్టభద్రులైన మీలో ఇంజనీర్లున్నారు, అకౌంటెంట్లున్నారు. ఎవరైనా ఇన్ని టన్నులు బంధించామని చెబితే, అందుకు ఎన్ని టన్నులు వదిలారో కూడా అడగండి.