సైకిలు యాత్రలు – వెనుకబడినవాని మాట



పుదుచ్చేరి సైకిలునకు అనువైన పట్టణము. తీరమునకు చేరువగా నేల చదునుగా నుండును. ఫ్రెంచివారు గళ్లుగా తీర్చిన వీథులు క్రొత్తవానిని సైతము దారి తప్పనీయవు. అరవిందాశ్రమవాసులలో పెక్కురు చిరకాలముగా సైకిలుపైననే పనులు చక్కబెట్టుకొనుచున్నారు. వాయవ్యముగా గోరిమేడు వైపు తిరిగినప్పుడు గాని కాళ్లకు ఎత్తు తెలియదు. ఆ వైపుననే జిప్మర్ వైద్యసంస్థ యున్నది. ఉత్తరమున కాలాపేటలో 1985లో నెలకొన్న కేంద్ర విశ్వవిద్యాలయమున్నది. ఇట్టి కొలువులకై స్వస్థలము విడిచి వచ్చిన తెలుగు కుటుంబమునకు ఈ ఊరిలో చుట్టమెవ్వరు? ఆదివారపు సైకిలు యాత్ర అట్టివారిని పదిమందితో కలుపగలదు, దూరము చేయనుగలదు. క్రొత్తవానిని దారిలో విడిచి తక్కినవారు సాగిపోయినచో, ఆతడు మఱుసటి ఆదివారము రాడు. ఎందుకు రాలేదో ఎవ్వరికిని చెప్పడు. సైకిలు సంఘములు తఱుచు సన్నగిల్లుట ఇట్లే.

వెనుకబడినవానిని ఏమి చేయవలెనను ప్రశ్న నేటిది కాదు. 1897లో ఇటలీ దేశీయులు కొందఱు రోము నుండి నేపుల్సునకు సుమారు 230 కిలోమీటర్లు, సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ సైకిళ్లపై పోయిరి. వారిని ‘ఆడాక్స్’ అనిరి. లాటినున ఆ మాటకు సాహసి యని యర్థము. టూర్ ద ఫ్రాన్స్ పందెమును 1903లో నెలకొల్పిన ఆంరీ దెగ్రాంజ్ మఱు సంవత్సరమే ఈ పద్ధతిని ఫ్రాన్సునకు తెచ్చెను. పందెములవాడు తెచ్చిన దీనిలో పందెము లేకుండుట వింత! ముందు ఒక నాయకుడు సాగును. ఆతనిని ఎవ్వరును దాటరాదు. కలిసి బయలుదేరినవారు కలిసియే చేరవలెను. 1921లో దెగ్రాంజ్‌నకును పారిస్ ఆడాక్స్ సంఘమునకును తగవు పుట్టెను. సంఘమువారు స్వేచ్ఛావేగమను వేఱొక దారి పట్టిరి. ఎవరి వేగము వారిది, గడువులోపల చేరిన చాలును. 200 కిలోమీటర్లకు నేడు ఆ గడువు 13 గంటల 30 నిమిషములు. మన దేశమున జరుగు దూరయాత్రలు ఈ రెండవ తెగవే.

రెండును మంచివే గాని, ఒకదాని నియమము వేఱొకదానికి పనికిరాదు. స్వేచ్ఛావేగము సాధన చేసినవానికి తగినది. తన పంక్చరు తానే వేసికొనగలవాడు దానికి పోవచ్చును. భార్యాబిడ్డలతో, పదవీవిరమణ చేసిన పెద్దలతో కూడిన సంఘమునకు నాయకుని వెంట సాగు మొదటి పద్ధతియే శరణ్యము. అయితే ఆ పద్ధతివారు నేడు పాటించు గంటకు 22.5 కిలోమీటర్ల వేగము మామూలు సైకిళ్లకు హెచ్చు. ఇచ్చట 12 కిలోమీటర్లు చాలును.

ఇక నిర్వహణము. పట్టణమునకు దక్షిణమున సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున, 1945లో వీలరు త్రవ్వించిన అరికమేడు కలదు. పశ్చిమమున సుమారు పది కిలోమీటర్లలో ఊసుడు చెఱువు కలదు. మొదటి యాత్రకు ఇంతకు మించిన దూరము వలదు. నాయకుడు ముందుగా ఒకనాడు ఆ దారిన పోయి చూడవలెను. బయలుదేరు వేళయే కాదు, తిరిగివచ్చు వేళయు తెలుపవలెను. ఇంటిలో వంట చేయువారికి అది ముఖ్యము.

అనుభవశాలి యొకడు అందఱకంటె వెనుక నుండవలెను. గాలి పంపు, ట్యూబు, అతుకుల సామగ్రి, మందుల సంచి ఆతని యొద్ద నుండవలెను. ఆతని వెనుక ఎవ్వరును ఉండరాదు. బలహీనుని చివర నుంచుట వాడుకగా కనబడుచున్నది, అది పొరపాటు. ముందువాడు మలుపుకడ ఒకింత మందగించి మఱల వేగము పుంజుకొన్నచో, ఆ కుదుపు వరుసలో పెరుగుచు చివరివానిని పరుగెత్తించును. నాయకుని వెనువెంటనే ఉన్నవానికి ఎదురుగాలియు తక్కువ. కావున క్రొత్తవాని చోటు ముందే.

మఱియొక సంగతి గమనింపదగినది. వేగముగా పోయినవారు చెట్టునీడన దిగి, నీళ్లు త్రాగి, కబుర్లు చెప్పుకొందురు. చివరివాడు చెమటలు కార్చుచు వచ్చి సైకిలు దిగునంతలో “పదండి పదండి” అందురు. అందఱకంటె అలసినవానికే విశ్రాంతి లేదన్నమాట! ఆతడు చేరిన క్షణము నుండియే విశ్రాంతి లెక్కింపవలెను.

తూర్పుతీరపు రహదారిపై ఒకరి వెనుక ఒకరే పోవలెను. జంటగా మాటలాడుచు పోవుటకు అది తావు కాదు. చీకటితో బయలుదేరినచో వెనుక ఎఱ్ఱదీపము తప్పదు. ఎవరైన పడినచో అందఱు మూగరాదు. ఒకరు 108కి ఫోను చేయవలెను, ఒకరు వెనుకనుండి వచ్చు వాహనములను హెచ్చరింపవలెను. క్షతగాత్రునికి తోడ్పడిన బాటసారి చిక్కులలో పడునను భయము నేటికిని కలదు. సద్బుద్ధితో తోడ్పడినవానికి 2019 నాటి మోటారు వాహనముల చట్ట సవరణ రక్షణ కల్పించినది.

స్త్రీలు రారు, రాలేరు అనువారు పుదుక్కోటను తలచుకొనవలెను. 1990ల తొలినాళ్లలో ఆ తమిళ జిల్లాలో అక్షరాస్యతోద్యమముతో పాటు సైకిలు నేర్పు ఉద్యమము సాగెను. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ దానికి ఊతమిచ్చిరి. వేలకొలది పల్లెపడుచులు సైకిలు నేర్చిరి. ఆడువారి సైకిళ్లు దొరకనిచో మగవారివే తొక్కిరి. నేర్చిన స్త్రీ మఱియొక స్త్రీకి నేర్పెను. సంఘమున ఒక్క స్త్రీయైన వెనుకకాపుగా నిలిచినచో, ఇల్లాండ్రు పలువురు జంకు విడుతురు.

తెల్లవాఱుజామున బజారు సందడి మొదలుకాకముందే పట్టణములోనే తిరుగు యాత్రయు పెట్టుకొనవచ్చును. పెద్ద బజారు చేరువ ఆనందరంగ పిళ్లె మేడ యున్నది. డూప్లే దొరకు దుబాసిగా నుండి, గవర్నరు భవనమునకు పల్లకిలో పోవు మన్నన పొందిన పిళ్లెకే కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితమిచ్చెను. ఈ మాట ఆ మేడ యెదుటనే పిల్లలకు చెప్పిన, తెలుగు ఈ ఊరికి పరాయిది కాదని వారికి తెలియును.

అక్టోబరు నుండి డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనపు వానలు. అనుమానమున్నచో ముందు రాత్రియే యాత్ర మానవలెను. ఉదయమున సగము మంది వచ్చిన తరువాత కాదు. పేర్ల పట్టికలో బయలుదేరినవారి ప్రక్కన, ఇల్లు చేరినవారి గుర్తునకు వేఱొక గడి గీయవలెను. అది నిండినదాక కార్యదర్శి ఫోను చేతనుండి దింపరాదు.