కోటి మంది అన్నారు, కులం చెప్పలేదు: 1971 దౌత్యంలో నమశూద్రులు



1971 అనగానే మనకు ఒక ఫొటో గుర్తొస్తుంది. డిసెంబర్ 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతుంటాడు, పక్కన జనరల్ అరోరా కూర్చుని ఉంటాడు. ఇవాళ నేను ఆ ఫొటో గురించి మాట్లాడను. దానికి ముందు తొమ్మిది నెలల పాటు దేశాల మధ్య నడిచిన మాటల గురించి మాట్లాడతాను. ఆ మాటల్లో దాదాపు వినిపించని ఒక కులం ఉంది. నమశూద్రులు.

ఈ పేరు మనకు కొత్త కాకూడదు. 1946లో బాబాసాహెబ్ రాజ్యాంగ సభకు ఎన్నికైంది బెంగాల్ నుంచి. బొంబాయిలో దారి మూసుకుపోయినప్పుడు జోగేంద్రనాథ్ మండల్, ఆయనతో ఉన్న దళిత శాసనసభ్యులు నిలబడి గెలిపించారు. మరుసటి ఏడాదే విభజన. నమశూద్రులు ఎక్కువగా ఉన్న ఖుల్నా, బరిసాల్, ఫరీద్‌పూర్, జెస్సోర్ ప్రాంతాలు చాలావరకు తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి. బాబాసాహెబ్ సభ్యత్వమూ పోయింది, మళ్లీ బొంబాయి నుంచి రావాల్సి వచ్చింది. మండల్ పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1950లో కలకత్తా వచ్చి రాజీనామా చేశారు. ఆస్తీ చదువూ ఉద్యోగాలూ ఉన్న భద్రలోక్ హిందువుల్లో చాలామంది ముందే సరిహద్దు దాటేశారు. సొంతానిదో కౌలుదో కాస్త పొలం, పడవ, వల తప్ప ఇంకేమీ లేనివాళ్లు ఉండిపోయారు. 1971 నాటికి తూర్పు బెంగాల్ పల్లెల్లో హిందువు అంటే చాలాచోట్ల ఈ మనిషే.

మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకా విశ్వవిద్యాలయం మీద పడింది. హిందూ, ఇతర మైనారిటీ విద్యార్థులు ఉండే జగన్నాథ్ హాల్‌లో ఘోరంగా చంపింది. అవామీ లీగ్ వాళ్లను, బెంగాలీ ముస్లిం విద్యార్థులను, అధ్యాపకులను, పోలీసులను కూడా చంపింది. ఆ తర్వాత పల్లెల మీదకు వెళ్లింది. మే 20న ఖుల్నా జిల్లా చుక్‌నగర్‌లో, భారత్ వైపు నడుస్తూ విశ్రాంతి కోసం ఆగిన జనం మీద కాల్పులు జరిపింది. కొన్ని గంటల్లో వేలమంది పోయారు. నమశూద్రుల చరిత్ర రాసేవాళ్లు ఆ తేదీని మర్చిపోలేరు.

ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ మార్చి నెలాఖరులోనే వాషింగ్టన్‌కు కబురు పంపాడు: ఎంచి ఎంచి చంపుతున్నారని. ఏప్రిల్ 6న ఇరవై మంది అమెరికన్ అధికారులు తమ ప్రభుత్వ విధానంతో విభేదిస్తూ సంతకాలు పెట్టిన టెలిగ్రాం వెళ్లింది. నిక్సన్, కిసింజర్‌లకు తెలియక కాదు. వాళ్లకు అప్పుడు చైనా తలుపు కావాలి, ఆ తలుపు దగ్గర నిలబడింది యాహ్యా ఖాన్. జూలైలో కిసింజర్ ఇస్లామాబాద్ నుంచే రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు.

ఇక ఢిల్లీ. మే 24న లోక్‌సభలో ఇందిరా గాంధీ శరణార్థుల గురించి చెప్పింది: ఎనిమిది వారాల్లో 35 లక్షల మంది వచ్చారు, వీళ్లలో హిందువులు, ముస్లింలు, బౌద్ధులు, క్రైస్తవులు అందరూ ఉన్నారు, ప్రతి సామాజిక వర్గం నుంచీ వచ్చారు. ఈ వాక్యం మీద నేను చాలా రోజులు ఆగిపోయాను. ప్రభుత్వం దగ్గర ఉన్న లెక్కల ప్రకారం వచ్చినవాళ్లలో దాదాపు తొంభై శాతం హిందువులు. ఆ సంగతి దేశం లోపల గట్టిగా చెప్పకూడదని ప్రభుత్వం నిర్ణయించుకుంది. విదేశాల్లో మాత్రం దౌత్యవేత్తలు చెప్పవచ్చు. చరిత్రకారుడు గ్యారీ బాస్ ఇది వివరంగా రాశాడు.

ఈ దాపరికాన్ని నేను పూర్తిగా తప్పు పట్టను. ఆ అంకె జనసంఘ్ చేతికి చిక్కితే ఇక్కడి ముస్లింల ఇళ్లు తగలబడేవి. అది నిజమైన భయం. కానీ గమనించండి, మతాన్ని చెప్పాలా దాచాలా అన్న చర్చ అయినా జరిగింది. కులం విషయంలో ఆ చర్చ కూడా లేదు. దాచడానికైనా ముందు ఉందని గుర్తించాలి కదా.

ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. నవంబర్‌లో ఇందిర వాషింగ్టన్ వెళ్లి ఉత్తచేతులతో వచ్చింది. డిసెంబర్‌లో యుద్ధం మొదలయ్యాక భద్రతా మండలిలో సోవియట్లు మూడుసార్లు వీటో వేశారు. డిసెంబర్ 7న సర్వసభ్య సభలో కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలన్న తీర్మానానికి 104 దేశాలు అనుకూలం, 11 వ్యతిరేకం, 10 తటస్థం. పాకిస్తాన్ వాదన ఒక్కటే: ఇది మా అంతర్గత వ్యవహారం. ప్రపంచంలో ఎక్కువ దేశాలకు ఆ వాదన నచ్చింది, ఎందుకంటే ఎవరి ఇంట్లో వాళ్లకు ఒక తూర్పు బెంగాల్ ఉంది. భారత్ దానికి గట్టి జవాబు ఇచ్చింది: లక్షల మంది నా గడప దాటి వచ్చాక అది నీ అంతర్గత వ్యవహారం ఎలా అవుతుంది?

మంచి జవాబు. ముప్పై ఏళ్ల తర్వాత, 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక మహాసభలో దళితులు కులం గురించి మాట్లాడితే, భారత ప్రభుత్వం ఏమన్నదో ఈ హాల్లో ఉన్న సీనియర్లకు గుర్తుండే ఉంటుంది. అది మా అంతర్గత విషయం అంది.

యుద్ధం అయిపోయింది. యుద్ధనేరాల కింద విచారించాల్సిన 195 మంది పాకిస్తానీ సైనికులు 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన మూడు దేశాల ఒప్పందంతో ఇంటికి వెళ్లిపోయారు. చుక్‌నగర్‌ను ఆ ఒప్పందం బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. శరణార్థుల సంగతి అంతకుముందే తేల్చారు. 1972 ఫిబ్రవరిలో ముజీబ్ కలకత్తా వచ్చినప్పుడు, 1971 మార్చి 25 తర్వాత వచ్చిన వాళ్లందరినీ వెనక్కి తీసుకుంటామని ఉమ్మడి ప్రకటన చేశారు. ఆ వసంతానికే చాలామంది వెళ్లిపోయారు. ఆ తేదీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. 1985 అస్సాం ఒప్పందంలో, ఆ తర్వాత అక్కడి ఎన్‌ఆర్‌సీలో మనుషుల్ని రెండు వైపులా విడదీసింది అదే తేదీ.

నా పరిశోధనలో ఎక్కువ భాగం ఆర్కైవ్‌ల మధ్యే గడిచింది. నేను తెలంగాణ వాణ్ణి. కాగజ్‌నగర్ దగ్గర ఈజ్‌గాంలో బెంగాలీ శరణార్థుల క్యాంపులున్నాయని తెలిసి కూడా పిహెచ్‌డి మూడో ఏడాది దాకా వెళ్లలేదు. సిగ్గుపడే చెబుతున్నాను. అక్కడ ఒక పెద్దాయన, నమశూద్రుడు, నాతో తెలుగులోనే మాట్లాడాడు. 1964 అల్లర్ల తర్వాత ఖుల్నా వదిలి, రాయ్‌పూర్ దగ్గరి మానా క్యాంపు మీదుగా ఇక్కడికి చేరాడు. వాళ్ల అక్క మాత్రం పొలం వదల్లేక అక్కడే ఉండిపోయింది. 71లో ఆమె కుటుంబం నడిచి వచ్చి, కలకత్తా సాల్ట్ లేక్ క్యాంపులో పెద్ద సిమెంటు గొట్టాల్లో తలదాచుకుందట. ఏడాది తిరక్కుండానే వెనక్కి పంపించారు. ఉత్తరం ఈయనకు అందేసరికి ఆమె మళ్లీ ఖుల్నాలో ఉంది. చూసుకోలేదు.

ఆయనకు యాహ్యా, కిసింజర్ పేర్లు తెలుసు, రేడియోలో విన్నాడు. నేను వీటో గురించి అడుగుతుంటే ఆపి, "సారూ, మీరు యూనివర్సిటీ వాళ్లు కదా, ఇది చెప్పండి" అన్నాడు. బెంగాల్‌లో నదియాలో ఉన్న వాళ్ల చుట్టాలబ్బాయి ఎస్సీ. ఇక్కడ ఆయన మనవడు కాదు, ఎందుకంటే తెలంగాణ జాబితాలో నమశూద్ర లేదు. కులం ఒకటే, తాత ఊరూ ఒకటే. సర్టిఫికెట్ కోసం తిరిగి తిరిగి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నాడు. అందులో మానా క్యాంపులో ఇచ్చిన చీటీ కూడా ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. పేరు, వయసు, జిల్లా, కుటుంబంలో ఎందరు అని గడులున్నాయి. కులం గడి కోసం చూశాను. లేదు.

ఆ చీటీని ఫొటో తీసుకున్నాను. మీరు చూస్తానంటే తర్వాత చూపిస్తాను. జై భీమ్.