వార్తలను మనమే ఏరుకొందము



నంద్యాలయందైనను, ఆళ్లగడ్డయందైనను పఠనమందిరమున మనకు వలసిన పత్రికను మనమే తీసికొందుము. చేతి ఫోనులోనో, ఏ వార్త ముందు కనబడవలెనో తరచుగా కంపెనీల యంత్రములే నిర్ణయించుచున్నవి.

దీనికి విరుగుడు 1999లో వెలువడిన ఆర్.ఎస్.ఎస్. అను వెబ్ ఫీడు. వార్తాసంస్థ తన క్రొత్త వార్తల శీర్షికలను, తేదీలను, లంకెలను ఒక జాబితాగా నుంచును; మన ఫీడ్ రీడరు దానిని తెచ్చి తేదీల వరుసను చూపును. బి.బి.సి. తెలుగువారు ఇట్టి ఫీడు నిచ్చుచున్నారు. 2013లో గూగుల్ రీడరు మూతపడినను, పాఠకులు తమ చందాల జాబితాను వేరొక రీడరునకు మార్చుకొనగలిగిరి.

అయితే ఫీడు వార్తను తెచ్చునే కాని నిజమును తేల్చదు. ఆ పని పాఠకునిదే. కావున మన పత్రికల బల్లచెంతనే ఒక ఫీడ్ రీడరు నుంచి, నలుగురము కలిసి చదివి విచారింతమని మనవి చేయుచు విరమించుచున్నాను.