పుట్టిన 24 గంటల్లో ఒక సూది
(హోసూరులో మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి, బోనసు గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు మన ఇళ్లలో పుట్టబోయే బిడ్డల గురించి మాట్లాడుకుందాం.

హెపటైటిస్-బి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్. తల్లి రక్తంలో ఉంటే ముఖ్యంగా కాన్పు సమయంలో బిడ్డకు సోకుతుంది. తల్లికి ఏ బాధా ఉండకపోవచ్చు, కామెర్లూ కనిపించకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి దానంతట అదే తగ్గిపోతుంది. పసిగుడ్డుకు సోకితే నూటికి 90 మందిలో ఒంట్లోనే నిలిచిపోతుంది. సంసారం మోయవలసిన వయసులో కాలేయం గట్టిపడడమో, క్యాన్సరో బయటపడుతుంది.

దీన్ని ఆపే దారి ఉంది. గర్భిణికి మొదటి నెలల్లోనే హెచ్‌బిఎస్ఏజి రక్తపరీక్ష చేయించండి. బిడ్డకు 24 గంటల్లోపు టీకా వేయించండి. తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ఇదీ కలిసే ఉంటుంది. తమిళనాడులో అది 2011 డిసెంబరులో మొదలైంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ టీకాలు ఉచితం. తల్లికి వైరస్ ఉందని తేలితే, బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా 12 గంటల్లోపు వేయించాలి. అది సిద్ధంగా ఉంటుందో లేదో కాన్పుకు ముందే ఆసుపత్రిలో అడగండి. వైరస్ ఎక్కువగా ఉన్న తల్లికి గర్భంతో ఉండగానే డాక్టరు టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు.

ఒకప్పుడు ఈ టీకా విదేశాల నుంచి వచ్చేది, కలిగినవాళ్లకే అందేది. వరప్రసాద్ రెడ్డి గారు స్థాపించిన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసింది. ధర దిగింది. అందుబాటులోకి వచ్చిన మందును మనం వదులుకోవడం న్యాయమా?

మన ఆడపడుచులు పురిటికి కుప్పం, పలమనేరు వైపు పుట్టింటికి వెళ్తుంటారు. పరీక్ష కాగితం ఇక్కడ ట్రంకుపెట్టెలో ఉండిపోతే అక్కడి నర్సమ్మకు ఎలా తెలుస్తుంది? కార్డు వెంట పంపండి. "పచ్చి బిడ్డకు సూదెందుకు, నెల నిండనీ" అనే పెద్దమ్మలకు నచ్చజెప్పండి. నెల దాకా వైరస్ ఆగదు.

ఇంకొక మాట. టీకా వేయించిన బిడ్డకు ఆ తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు. కలిసి తింటే, పక్కపక్కన మిషన్ల మీద పనిచేస్తే ఇది అంటదు. కాబట్టి రిపోర్టు చూపి ఏ ఆడకూతురినైనా పని మాన్పిస్తే ఒప్పుకోవద్దు, సంఘానికి చెప్పండి. ఆమె పక్షాన అందరం నిలబడదాం.