నిలువదగిన చోటు
(బంగారుపాళ్యమున చేసిన స్నాతకోత్సవ ప్రసంగము)

 

స్నాతకోత్సవ వేదిక నెక్కినవారు విజయమును గూర్చి ప్రసంగించుట లోకాచారము. ఆ యాచారమును నేడు కొంత తప్పి, ఎదిరింపును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. పట్టభద్రులారా, మీలో పెక్కుమంది క్రీస్తు నాశ్రయించిన కుటుంబములలో పుట్టినవారు, లేదా మీయంతట మీరే ఆ మార్గమును వరించినవారు. చిత్తూరునకును మొగిలి కనుమకును నడుమనున్న ఈ బంగారుపాళ్యమునుండి, మామిడికాయల లారీలు పోవు బాటనే పట్టి, కొందరు బెంగుళూరునకు, కొందరు చెన్నపట్టణమునకు ఉద్యోగార్థులై పోవుదురు. మఱికొందరు ఏ యూరినుండి వచ్చితిరో ఆ యూరికే మరలుదురు. పట్టణమునకు పోవువారికంటె ఊరికి మరలువారిని గూర్చియే నాకు చింత యెక్కువ. పట్టణమున నీ దేవుడెవరని అడుగువాడుండడు, ఊరిలో అడుగనివాడుండడు.

విశ్వాసమునకై నిలుచుట, నిలిచి నష్టపడుట, దొరలు ఓడలో తెచ్చి మన రేవున దించిన సరకు కాదు. తాళ్లపాక అన్నమాచార్యుని కథ ఈ సీమలో ఎరుగనివారు లేరు. సాళువ నరసింహరాయడు తనపై పదము చెప్పుమని కోరగా, శ్రీనివాసునకు సమర్పించిన వాక్కును మానవునకు మరల్పజాలనని ఆ భక్తుడు నిరాకరించుటయు, రాజు కోపించి ఆయనను సంకెలలలో వేయించుటయు మనుమడు చిన్నన్న రచించిన చరిత్రమున గలదు. పోతన తన భాగవతమును రాజునకు అంకితమీయలేదని లోకము నేటికిని మెచ్చుకొనుచున్నది. తిరుమల కొండ కనుచూపు మేరలో పెరిగినవారికి, ఒకడు తన దైవమునకు తప్ప అన్యునకు తలవంపననుటలోని గౌరవమును వేరుగ బోధింపనక్కరలేదు. కావున మీ గ్రామస్థులతో మాటలాడునపుడు వారెరుగని భాష మాటలాడుచున్నట్లు భావింపకుడు. అన్నమయ్యను గౌరవించువానికి మీ నిష్ఠ అర్థము కాకపోదు. అర్థమైనను సహింపకపోవచ్చును, అది వేరు సంగతి.

ఐనను అన్నమయ్యకు కవిత్వముండెను, కీర్తియుండెను. ఏమియు లేనివారు నిలిచిన కథ యొకటి మన తెలుగుదేశముననే కలదు. నేటి ప్రసంగమునకు అదియే ప్రాణము. ఒంగోలు సీమలోని తలకొండపాడను పల్లెలో ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు తోళ్ల వర్తకము చేసికొని బ్రదుకుచుండెను. సద్గురువును వెదకుచు రాజయోగ సంప్రదాయమున కొంతకాలము సాధన చేసినవాడు. తోళ్ల బేరమునకై ఏలూరు ప్రాంతమునకు పోయినపుడు క్రీస్తును గూర్చి విని, 1866లో అమెరికా బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ గారి యొద్ద భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. మరుసటి జనవరిలో క్లౌ గారు ఆ పల్లె చేరి చింతతోపులో విడిది చేయగా, పేరయ్య ముందుగనే చుట్టుపట్ల పల్లెలు తిరిగి సిద్ధపరచియుంచిన జనులు వండుకొనుటకు గింజలు మూటగట్టుకొని వచ్చి, దినములకొలది కూర్చుండి వినిరి. 28 మంది బాప్తిస్మము పొందిరి.

అసలు కథ అటుపిమ్మట మొదలు. మాదిగవాడు ఊరికి చేయవలసిన పనులు కాగితము లేకయే శాసనమైయుండెను: చచ్చిన పశువును ఈడ్చుట, చెప్పులు కుట్టుట, నీరు తోడు తోలుబానలు అమర్చుట, జాతరలో డప్పు వాయించుట. మీ యూళ్లలో దానిని పలక యందురు. ఇందుకు ప్రతిఫలము కళ్లమున కొంత గింజ, చచ్చిన గొడ్డు మాంసము. విశ్వాసులైనవారు మూడింటికి మాత్రమే ఒల్లమనిరి. చచ్చినదానిని తినము, ఆదివారము పనికి రాము, దేవతల కొలుపులలో డప్పు కొట్టము. తక్కిన చాకిరి యెప్పటివలెనే జరిగించుదుమనిరి. ఇందులో తిరుగుబాటేమున్నదని మీకు తోపవచ్చును. ఊరు మాత్రము దానిని తిరుగుబాటుగనే గ్రహించెను. నా యభిప్రాయమున ఊరు పొరపడలేదు. ఆరు దినములు లొంగి ఏడవ దినమున లొంగనివాడు, తక్కిన ఆరు దినములును తన సమ్మతితోనే లొంగుచున్నాడని వెల్లడియగును గదా! దాస్యము పుట్టుకతో వచ్చినదని నమ్మిన వ్యవస్థకు ఆ ఒక్క దినము చాలును, పునాది కదలుటకు. బావి నీరు ముట్టనీయలేదు. అంగటిలో సరకు అమ్మలేదు. చాకలిని, కుమ్మరిని వారి గడప తొక్కనీయలేదు. కరణములును మునసబులును ఏకమై వారిపై నేరములు మోపిరి.

ఇదే కాలమున ఒంగోలులో మఱియొక చిక్కు వచ్చెను. క్లౌ గారి పాఠశాలకు వచ్చుచున్న అగ్రవర్ణ బాలకులును, వారి పెద్దలును, ఈ మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని తెగేసి చెప్పిరి. పెద్దకులములవారు ముందు వచ్చినచో దేశమంతయు వారి వెంట వచ్చునని ఆశించిన కాలమది. ఆ సందిగ్ధములో క్లౌ గారును, ఆయన భార్యయు, ఒకరి సంగతి మఱియొకరికి తెలియకయే, కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకమున ఎన్నికలేనివారిని ఎన్నుకొనెనను భాగమునే తెరచి చదివిరని ఆయన స్వయముగ వ్రాసికొనెను. వచ్చినవారిని త్రోసివేయలేదు, బడి పోయిన పోనిమ్మనిరి. విశ్వాసమున నిలుచుట యనగా కొన్ని వేళల మన పలుకుబడిని మనమే పోగొట్టుకొనుట అని మీరు దీనివలన గ్రహింపవచ్చును.

గంజి కొరకు మతము పుచ్చుకొన్నారను మాట మీరు వినకపోరు. ఆ మాటకు జవాబు చరిత్రలో నున్నది. 1876 మొదలు 1878 వరకు దేశమును కబళించిన ధాతుకరువులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపిరి. ఆ కరువు నడుమ సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమీయక నిలిపివేసిరి. కూడు దొరకు కాలమున మూసిన తలుపు, కూడు పంచుట ముగిసిన పిమ్మట తెరచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నీటిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ జనులలో స్వార్థమే లేదని నేననను. మనుష్యుల హృదయములలో నేది యెంత పాలో తూచుటకు నా యొద్ద త్రాసు లేదు. కాని బావి నీరు పోగొట్టుకొనుటకు సిద్ధపడినవానిని గంజికి అమ్ముడుపోయెననుట న్యాయము కాదు.

పేరయ్యకు పూర్వమే, 1852లో, మచిలీపట్టణమున రాబర్టు నోబుల్ గారి బడిలో చదువుచున్న అగ్రవర్ణ విద్యార్థులిరువురు బాప్తిస్మము పొందగా, పట్టణము కలతపడి బడి దాదాపు ఖాళీ యయ్యెను. మీ వయసువారే వారు. మన మదనపల్లె డాక్టరు జేకబ్ చేంబర్లేను గారి వృత్తాంతము మీ యిండ్లలో వినియేయుందురు: 1863లో నిజాము రాజ్యమున ఒక కోట పట్టణములో జనులు రాళ్లు చేతబట్టి చుట్టుముట్టగా, కొట్టుటకు ముందు ఒక కథ వినుడని వేడి, క్రీస్తు సిలువ కథ చెప్పెననియు, వారు రాళ్లు జారవిడిచి కంటతడి పెట్టిరనియు ఆయన గ్రంథమున గలదు. ఇట్టి కథలను మన ప్రసంగీకులు మిక్కిలి ప్రేమింతురు. నేను మాత్రము దీనిని పేరయ్య కథ తరువాతనే చెప్పితిని. ఏలయన రాళ్లు జారవిడుచుట అరుదు. బావి వద్ద అడ్డగింత సంవత్సరములకొలది సాగును.

ఇక కొంత చేదు మాట. ఎదిరింపు ఎల్లప్పుడు బయటనుండియే రాదు. మహాకవి గుఱ్ఱం జాషువ వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. సవర్ణులు సభలలో అంటరానివాడని అవమానించిరి. సంస్కృతకావ్యములు చదివి పురాణగాథలు పద్యములుగ వ్రాయుచున్నాడని స్వమతస్థులును వెలివేసిరి. ఇటు చోటులేదు, అటు చోటులేదు. అట్టివాడే క్రీస్తు చరిత్రమును కావ్యముగ రచించి, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును పొందెను. ఆయనను వెలివేసిన పెద్దల పేర్లు నేడెవరికి తెలియును? సంఘములలో కులమును చూచి పిల్లనిచ్చుచు, కులమును చూచి పెద్దరికమిచ్చుచు, బయటివారు మనలను హింసించుచున్నారని వాపోవుట నాకు సమ్మతము కాదు. సంఘములో కులమును ప్రశ్నించు యువకుడు ఊరిలో దేవుని పేరిట నిలిచిన యువకునికంటె ఎక్కువ ఒంటరివాడు. అతనికిని మన పెద్దలు చెవి యొగ్గవలెను.

మఱియొక యెదిరింపు చట్టరూపమున నున్నది. సంవిధానపు 25వ అధికరణము అంతరాత్మ స్వాతంత్ర్యమును ప్రసాదించినది. ఐనను 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే పరిమితము చేయగా, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపజేసిరి. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రమున ఆ కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున నూటికి ఒక్క పాలు రిజర్వేషనుతో సరిపెట్టుకొనవలెను. మద్రాసు వీథిమూలన చెప్పులు కుట్టుకొను సూసై యను క్రైస్తవుడు, తోటి చెప్పులవారికి ప్రభుత్వమిచ్చిన చిన్న కొట్టు తనకేల లేదని న్యాయస్థానమునకెక్కగా, 1985లో సుప్రీంకోర్టు అతని వాదమును త్రోసిపుచ్చినది. పేరయ్యయు తోలుపనివాడే, సూసైయు తోలుపనివాడే. తహసీల్దారు కార్యాలయపు పత్రమున ఒక మతము, ఆదివారము ప్రార్థనలో ఒక మతము నడుపుకొను కుటుంబములను గూర్చి కొందరు తేలికగ నిందింతురు. సెంటు భూమి లేనివాని బెదురును, భూమి గలవాడు పరిహసింపరాదు. చట్టము మారవలెనని నా దృఢాభిప్రాయము. దానిని మార్చుటకు న్యాయస్థానమున్నది, పార్లమెంటున్నది. అంతవరకు సత్యమునే వ్రాసి ఉద్యోగము పోగొట్టుకొనువాడు మీలో ఒకడున్నను, అతనిని నేను పేరయ్య పంక్తిలోనే కూర్చుండబెట్టుదును.

ఎక్కడ నిలువవలెనో, ఎక్కడ ఒదుగవచ్చునో యెట్లు తెలియును? బైబిలులోని దానియేలు చరిత్ర చదువుడు. బబులోను రాజు అతని పేరు మార్చినాడు, ఒప్పుకొన్నాడు. కల్దీయుల భాషయు శాస్త్రములును నేర్చుకొమ్మన్నాడు, నేర్చి మొదటివాడైనాడు. అన్యరాజు కొలువులో ఉద్యోగము చేసినాడు. రాజు భోజనము తినుటకు మాత్రము ఒల్లనన్నాడు; అదియు కేకలు వేసి కాదు, పైయధికారికి కీడు రాకుండ, పది దినములు శాకాహారమిచ్చి పరీక్షింపుమని వినయముతో వేడినాడు. ప్రార్థన మానుమన్ననాడు మాత్రము తాను ప్రార్థించు గది కిటికీ మూయలేదు. ఇన్నింట ఒదిగి, రెండింటనే నిలిచినవాడు. అందుచేతనే ఆ రెండింట అతనిని కదలింప ఎవరితరము కాలేదు.

మీ యూరిలో గంగమ్మ జాతరకు చందా అడుగుదురు. దేవత కొలుపునకు ఈయలేనని మర్యాదతో చెప్పుడు. ఆ వారమే ఊరి నీళ్లకుంటకో, బాట మరమ్మతునకో మీ వంతుకంటె మిన్నగ ఇయ్యుడు. పొరుగింటి పెద్దమ్మ ఆప్యాయతతో జాతరలో బలియిచ్చిన పొట్టేలి మాంసము పంపిన, పౌలు కొరింథువారికి ఈ విషయముననే యెంత వివరముగ వ్రాసెనో చదివి, ప్రేమను జ్ఞానమునకు పైన నుంచి నిర్ణయించుకొనుడు; ఆమె గిన్నెను మాత్రము విసరికొట్టకుడు. పరుల దేవతలను హేళన చేయుట, అర్ధరాత్రి దాటిన దాక లౌడుస్పీకరు మ్రోగించి రోగులకు నిద్ర లేకుండ చేయుట, అప్పు తీర్పక అడిగినవానిని సాతానుడనుట, వీనివలన వచ్చు తిట్లను క్రీస్తు కొరకైన శ్రమలని లెక్క వ్రాసికొనకుడు. పరుల జోలికి పోయి పడిన బాధ వేరు, క్రైస్తవుడైనందుకు పడిన బాధ వేరు అని పేతురు తన పత్రికలో ఆనాడే గీత గీసెను. పేరయ్య బృందము ఎవరి బావిని మూయలేదు, ఎవరి దేవతను దూషింపలేదు. తమ చేతులు చేయనొల్లని పనిని చేయలేదు, అంతే.

సంఘపు పెద్దలారా, కడపటి మాట మీతో. ఈ బిడ్డలలో ఒకరిద్దరు ఈ సంవత్సరముననే ఇంటినుండి వెళ్లగొట్టబడవచ్చును. ముఖ్యముగ తమంతట తాము విశ్వాసమునకు వచ్చిన ఆడుబిడ్డలు. అట్టి బిడ్డ సాయంకాలము మీ గుమ్మము ముందు నిలిచినపుడు, ప్రార్థన చేసి పంపివేయకుడు. మొదట అన్నము పెట్టుడు. నమ్మదగిన కుటుంబములో ఉండుటకు చోటు చూపుడు, నెల తిరుగక మునుపే పని వెదకుడు, తల్లిదండ్రులతో మాటలాడుటకు మీలో పెద్దమనిషిని ఒకనిని పంపుడు. తల్లిని వదలుకొమ్మని ఆ బిడ్డకు చెప్పకుడు. క్లౌ గారు కరువులో వాక్యముతో ఊరకుండక కాలువ పని తెచ్చిరి. మన సంఘముల నిధులలో గోడలకు, గంటలకు వ్యయమగుచున్నదానిలో కొంత ఇట్టి బిడ్డల కొరకు వేరుగ తీసి యుంచుటకు ఈ మధ్యాహ్నమే, భోజనములకు లేవకముందే, మీరు కూర్చుండి తీర్మానించుకొనవలెనని కోరుచున్నాను.