డోలీ పోవాలి, మోసే భుజాలు ఉండాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో జరిగిన సభలో మన సంఘం తరఫున యువతనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పుడే అందరం కలిసి థింసా ఆడాం. చేయీ చేయీ పట్టుకుని ఒకే అడుగు వేశాం. మన సంస్కృతి అంటే ఆటపాటలే అని బయటివాళ్లు అనుకుంటారు. ఊళ్లో ఒకరికి ప్రాణం మీదికి వస్తే, పిలవకుండానే నలుగురు వచ్చి భుజం పట్టడం కూడా మన సంస్కృతే. ఆ మాటే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాం.

మన కొండల్లో మొదటి అంబులెన్సు డోలీ. ఒక గట్టి కర్ర, దానికి కట్టిన దుప్పటో చీరో, ముందొకరు, వెనకొకరు. మార్చుకోవడానికి పక్కన మరో ఇద్దరు. వాగు దాటాలి, గుట్ట దిగాలి, రాత్రయితే టార్చి వెలుగులో నడవాలి. దానికి కిరాయి లేదు, రశీదు లేదు. ఇవాళ మోసినవాడిని రేపు ఇంకొకరు మోస్తారు, అదే లెక్క. డోలీ ఫోటో పేపర్లో వచ్చినప్పుడల్లా మనకు సిగ్గనిపిస్తుంది. సిగ్గుపడాల్సింది రోడ్డు లేనందుకు. మోసినవాళ్ల విషయంలో మనం గర్వపడాలి. ఈ రెండూ కలిపేసుకోకండి.

విశాఖలో కేజీహెచ్ 1923లో మొదలైంది. వందేళ్లు దాటింది. అంటే పెద్దాసుపత్రి మనకు ఎప్పటినుంచో ఉంది, దాని దగ్గరికి చేరే దారే లేదు. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తేవడానికి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేశారు. అనంతగిరి కొండలు తొలిచారు, లోయల మీద వంతెనలు కట్టారు. ఖనిజం కొండ దిగి ఓడెక్కడానికి దారి అప్పుడే దొరికింది. అదే కొండల్లోని ఎన్నో గూడేల్లో నిండు గర్భిణి మాత్రం ఈనాటికీ డోలీలోనే దిగుతోంది. కొండ తొలిచే చేవ ఉన్న దేశానికి గూడేనికి రోడ్డు వేయడం చేతకాదంటే మేము నమ్మం.

108 సంగతి చూద్దాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్‌ఐ సంస్థ దీన్ని మొదలుపెట్టింది. తర్వాత ప్రభుత్వం తోడై ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది, అటుపైన ఎన్నో రాష్ట్రాలు ఈ పద్ధతిని తీసుకున్నాయి. అంతకుముందు అంబులెన్సంటే పడుకోబెట్టి తీసుకుపోయే బండి మాత్రమే. 108తో బండిలోనే ఆక్సిజన్, ప్రథమ చికిత్స, కాన్పు చేయగలిగిన ఈఎంటీ వచ్చారు. బండి నడిపేవారిని పైలట్ అంటారు. కాన్పయ్యాక తల్లినీ బిడ్డనూ ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. 2020 జూలై 1న రాష్ట్రంలో ఒక్కసారే వెయ్యికి పైగా 108, 104 వాహనాలను ప్రారంభించారు.

అయితే 108 రోడ్డున్నంత వరకే వస్తుంది. ఆ లోటు తీర్చడానికి 2018లో గిరిజన ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సులు ఇచ్చారు. మోటారు సైకిలుకు పక్కన రోగి పడుకునే తొట్టి అమర్చిన బండి అది. గూడెం నుంచి 108 ఆగిన చోటి దాకా తెస్తుంది. మంచి ఆలోచన. కానీ బండి కొన్నంత మాత్రాన సరిపోదు. పెట్రోలు, మరమ్మతు, నడిపేవాడి జీతం నెలనెలా అందితేనే అది నడుస్తుంది. బండి మూలన పడిన రోజు మళ్లీ కర్రే గతి. సాలూరులో గర్భిణుల వసతి గృహం పెట్టి, రోడ్డు లేని ఊళ్ల వాళ్లను నెలలు నిండకముందే తెచ్చి ఉంచడం ఇంకో మంచి దారి. 2025లో అడవితల్లి బాట పేరుతో డుంబ్రిగుడ మండలంలో రోడ్ల పనులకు శ్రీకారం చుట్టారు. ఆ రోడ్లు కాగితం మీద నుంచి గూడెం దాకా వచ్చేవరకు అడుగుతూనే ఉండాల్సింది మనమే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇల్లు నుంచి రోడ్డు దాకా ఒక ముక్క. రోడ్డు నుంచి ఆసుపత్రి దాకా రెండో ముక్క. ఆసుపత్రి గేటు నుంచి వైద్యం అందేదాకా మూడో ముక్క. తిరిగి ఇల్లు చేరడం నాలుగోది. 108 ఎక్కువగా నింపింది రెండో ముక్కనే. 2023 ఫిబ్రవరిలో పసిబిడ్డ మృతదేహంతో ఒక ఆదివాసీ జంట విశాఖ నుంచి పాడేరు వైపు స్కూటరు మీద ప్రయాణమైన వార్త అందరం చదివాం. నాలుగో ముక్క తెగిపోతే ఏమవుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

మిగిలిన ముక్కలను ఎవరు కలుపుతారు? వేరే చోట్ల ఎవరు కలిపారో వినండి. పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లాలో కరీముల్ హక్ అనే తేయాకు తోట కార్మికుడు ఉన్నారు. 1995లో అంబులెన్సు దొరక్క ఆయన తల్లి చనిపోయింది. తర్వాత తోటి కార్మికుడొకరు కుప్పకూలితే, తన వీపుకు కట్టుకుని మోటారు సైకిలు మీద ఆసుపత్రికి చేర్చారు. అప్పటినుంచి ఉచితంగా ఆ పనే చేస్తున్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 

ఇంకొకటి అమెరికాలోది. పిట్స్‌బర్గ్ నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేట. అక్కడ జబ్బు చేస్తే పోలీసు వ్యానే దిక్కు. 1967లో ఆ పేట కుర్రాళ్లతోనే ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు మొదలైంది. పని దొరకనివాళ్లు, బడి మధ్యలో మానేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. పీటర్ సఫర్ అనే వైద్యుడు వాళ్లకు గట్టి శిక్షణ ఇచ్చారు. ఆ దేశంలో తొలితరం పారామెడిక్‌లలో వాళ్లున్నారు. 1975లో నగరపాలక సంస్థ సొంత సర్వీసు పెట్టి దాన్ని మూసేసింది. కానీ వాళ్లు చూపిన పద్ధతి దేశానికంతా దారి అయింది. ఎందుకూ పనికిరారని పక్కన పెట్టినవాళ్లే ప్రాణం కాపాడే విద్యను ఆ దేశానికి నేర్పారు.

మన దగ్గరా ఆ సత్తువ ఉంది. 2020లో సాలూరు మండలంలోని కొదమ, చింతామల గూడేల వాళ్లు చందాలు వేసుకుని తామే రోడ్డు వేసుకున్నారు. అందుకే మిమ్మల్ని నాలుగు పనులు అడుగుతున్నాం.

మొదటిది, ప్రతి గూడెంలో ఇద్దరైనా ప్రథమ చికిత్స నేర్చుకోండి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తేవాలి. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే గంట, రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. తెల్లారాక చూద్దామనుకోకూడదు.

రెండోది, మీ ఊరి పటం రాసి పెట్టుకోండి. సిగ్నల్ ఎక్కడ అందుతుంది, 108 ఎక్కడిదాకా రాగలదు, ఏ గర్భిణికి ఎప్పుడు నెలలు నిండుతాయి అన్నది ఆశా కార్యకర్తతో కలిసి తెలుసుకోండి. ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు మండలం, దగ్గరి కూడలి చెప్పండి. ఆ కూడలిలో ఒకరు నిలబడండి.

మూడోది విశాఖలో ఉన్న మీకే. కొండ దిగి వచ్చినవాళ్లకు కేజీహెచ్‌లో ఏ వార్డు ఎక్కడో తెలియదు. కొందరికి కువి వచ్చు, కొందరికి ఆదివాసీ ఒడియా వచ్చు, తెలుగు అంతంతమాత్రం. అక్కడి ఎస్టీ సెల్ దాకా తోడు వెళ్లండి. డాక్టరు మాట వాళ్ల భాషలో చెప్పండి. పద్దెనిమిదేళ్లు నిండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రక్తం ఇవ్వండి. సికిల్ సెల్ ఉన్న మన పిల్లలకు రక్తం ఎంత అవసరమో మీకు తెలుసు.

నాలుగోది, నర్సింగ్, ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈఎంటీ ఉద్యోగాలవైపు చూడండి. నొప్పులు పడుతున్న తల్లికి బండిలో తన భాష వినిపిస్తే సగం భయం పోతుంది.

రోడ్డు వేయాల్సింది, బండి ఇవ్వాల్సింది ప్రభుత్వమే. మనం చేసే ఏ పనీ ఆ బాధ్యతను తగ్గించదు. రోడ్డు వచ్చిన రోజున డోలీ కర్రను పొయ్యిలో పెట్టేద్దాం. కానీ బండి వచ్చింది కదా అని ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటే, మన తాతలు మోసి నిలిపింది మనమే దించేసినట్టు. డోలీ పోవాలి. మోసిన ఆ భుజాలు మాత్రం మీ దగ్గర ఉండాలి.

 జై ఆదివాసీ!